రాతిలో దాచిన గాలి

గాలిని దాచడం సాధ్యమా అన్న ప్రశ్నకు ఇంజనీరు చెప్పే జవాబూ తార్కికుడు చెప్పే జవాబూ ఒకటి కానక్కరలేదు. గాలిమరల నుంచి వచ్చే విద్యుత్తుతో రాళ్ళను కాల్చి, ఆ వేడిని రోజుల తరబడి పట్టి ఉంచి, గాలి పడిపోయిన వేళ దానితో నీటిని ఆవిరి చేసి మళ్ళీ విద్యుత్తు తీయవచ్చునని ఇంజనీరు అంటాడు. అని ఊరుకోక కట్టి చూపిస్తాడు కూడా. ఆ రాళ్ళలో ఉన్నది గాలేనా, గాలి చేసిన పని విడిచిన గుర్తా, లేక గాలికీ రాతికీ చెందని మూడోది మరేదైనానా అని తార్కికుడు అడిగినప్పుడు మాత్రం ఉష్ణమాపకం చూపించే అంకె జవాబుగా చాలదు. వీచడమే ఉనికిగా గల వస్తువును కదలని వస్తువులో నిలిపినప్పుడు నిలిచినది ఏమిటన్న ప్రశ్నను భారతీయ దర్శనకారులు వేరే సందర్భాలలో, వేరే అవసరాల కోసం, వందల ఏళ్ళపాటు వాదించారు గనుక, ఆ వాదాల వెలుగులో ఈ కొత్త యంత్రాన్ని పరిశీలించడం అసందర్భం కాదు. పైగా ఆ వాదాలలో కొన్నింటికి ఈ యంత్రమే పరీక్షగా నిలుస్తుంది.

జర్మనీలోని హాంబర్గ్ రేవు ప్రాంతమైన ఆల్టెన్‌వెర్డర్‌లో 2019 జూన్‌లో ప్రారంభమైన ప్రయోగ కేంద్రం ఈ పద్ధతికి అందరికీ తెలిసిన ఉదాహరణ. సీమెన్స్ గమేసా సంస్థ అక్కడ సుమారు 1000 టన్నుల అగ్నిపర్వత శిలలను, వేడిని బయటికి పోనివ్వని మందపాటి గోడల నడుమ పోగుచేసింది. విద్యుత్ హీటర్ గాలిని కాచితే పెద్ద ఫ్యాన్ ఆ వేడిగాలిని రాళ్ళ సందుల్లోకి తోస్తుంది, రాళ్ళు 750 డిగ్రీల సెల్సియస్ దాకా కాగుతాయి. విద్యుత్తు కావలసినప్పుడు చల్లని గాలిని ఆ సందుల గుండా నడిపితే అది కాగి బాయిలర్‌లోని నీటిని ఆవిరి చేస్తుంది, ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది. ఆ రాళ్ళ గుట్ట పట్టగల వేడి 130 మెగావాట్ గంటలు, అంటే ఇంటి కరెంటు బిల్లు మీద కనిపించే యూనిట్ల లెక్కలో 1,30,000 యూనిట్లు. ఉత్తర జర్మనీలో గాలి బాగా వీచిన రోజున వచ్చే విద్యుత్తును దక్షిణాదికి మోయడానికి తగినన్ని లైన్లు లేక గాలిమరలను ఆపించవలసి రావడం, ఒక్కోసారి విద్యుత్ మార్కెట్ ధర సున్నాకంటే కిందికి పోయి అమ్మేవాడే కొనేవాడికి ఎదురు డబ్బిచ్చే స్థితి ఏర్పడడం అక్కడ కొత్త కాదు కాబట్టి, వృథాగా పోయేదాన్ని పట్టి ఉంచాలన్న ఆలోచన సహజంగానే వచ్చింది. ఆ కేంద్రం ప్రయోగ దశను దాటి వాణిజ్యంగా విస్తరించలేదన్నదీ నిజమే. దానికి కారణమైన లోపం ముందు ముందు చర్చకు వస్తుంది.

రాయే ఎందుకు, వేడే ఎందుకు అన్నది అంకెల్లో చూస్తే గాని నమ్మకం కుదరదు. సెకనుకు 10 మీటర్ల వేగంతో వీచే గాలిలో ఒక కిలో గాలికి ఉండే గతిశక్తి, అంటే కదలిక వల్ల కలిగే శక్తి, 50 జౌళ్ళు మాత్రమే. ఒక కిలో రాతిని 500 డిగ్రీల మేర వేడిచేస్తే అది పట్టే శక్తి దాదాపు 4,50,000 జౌళ్ళు. అంటే చేతిలో ఇమిడే ఒక్క రాతిలో 9000 కిలోల గాలి కదలిక ఇమిడిపోతుందన్నమాట. అదీ గాలిలోని శక్తినంతా గాలిమర పట్టగలదనుకుంటే, కానీ ఏ గాలిమరా 59 శాతానికి మించి పట్టలేదని ఆల్బర్ట్ బెట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త వంద ఏళ్ళ కిందటే నిరూపించాడు. అదే కిలో రాతిని వేడిచేయకుండా ఎత్తుకు మోసి శక్తిని దాచాలంటే దానిని 45 కిలోమీటర్ల పైకి తీసుకుపోవాలి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో కట్టిన 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టు ఈ రెండో దారినే, అంటే నీటిని పై జలాశయానికి ఎక్కించి తిరిగి కిందికి వదిలే దారినే ఎంచుకుంది గనుక దానికి కొండ కావాలి, రెండు జలాశయాలు కావాలి. హాంబర్గ్ కేంద్రానికి రేవులో కాస్త స్థలం సరిపోయింది. ఇంత చిన్న చోటులో ఇంత శక్తి పట్టడం చూసినవారికి, రాతి లోపలికి ఏదో వస్తువు ప్రవేశించి కూర్చున్నదనే భావన కలగడం సహజం. తాత్త్విక చిక్కు అక్కడే మొదలవుతుంది.

పదిహేడో శతాబ్దపు తెలుగువాడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం నేటికీ సంప్రదాయ పాఠశాలల్లో తర్కం నేర్చుకునేవారు మొదట చేతబట్టే గ్రంథం. న్యాయ, వైశేషిక దర్శనాలు రెండింటినీ కలిపి చెప్పిన ఆ గ్రంథంలో వాయువు రూపం లేనిది, స్పర్శ గలది. కంటికి కనబడదు గనుక దాని ఉనికిని స్పర్శను బట్టి ఊహించాలి. ప్రశస్తపాదుడి వంటి ప్రాచీన వైశేషికులు స్పర్శతో పాటు శబ్దాన్నీ, ఎండుటాకులను పైకి నిలిపి ఉంచడాన్నీ, కొమ్మలను కదిలించడాన్నీ కూడా వాయువుకు గుర్తులుగా లెక్కపెట్టారు. ఆ జాబితాలో గాలిమర రెక్కల తిరుగుడును నిస్సంకోచంగా చేర్చవచ్చు. తేజస్సు, అంటే అగ్నితత్త్వం, వేడి స్పర్శ గలది. అందులో కట్టెలతో మండే భౌమాగ్ని ఒకటి, మెరుపు రూపంలోని దివ్యతేజస్సు ఒకటి, కడుపులో అన్నాన్ని అరిగించేది ఒకటి, గనుల్లో దొరికే బంగారం వంటిది మరొకటి. భూమికీ వాయువుకూ సహజంగా ఉన్నది వేడీ చలువా కాని స్పర్శ. ఈ లెక్కన కాగిన రాయి నిజంగా వేడిగా ఉండదు. రాతిలో చొరబడిన తేజస్సు వేడిగా ఉంటుంది, ఆ వేడిని జనం రాతికి అంటగడతారు. వేదాంతులు అధ్యాసను, అంటే ఒకదాని ధర్మాన్ని మరొకదానిపై మోపడాన్ని వివరించేటప్పుడు ఎర్రగా కాగిన ఇనుపగుండును ఉదాహరణగా తెచ్చేది ఇందుకే: ఇనుము కాల్చిందని లోకం అంటుంది, కాల్చింది అందులోని అగ్ని.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. తైత్తిరీయోపనిషత్తులోని బ్రహ్మానందవల్లి ఆకాశం నుంచి వాయువు, వాయువు నుంచి అగ్ని, అగ్ని నుంచి నీరు, నీటి నుంచి భూమి పుట్టాయని క్రమం చెప్పింది గనుక, గాలి వేడిగా మారే హాంబర్గ్ యంత్రం అందులోనే సూచనగా ఉన్నదని సంబరపడేవారు లేకపోలేదు. ఉపనిషత్తు చెప్పినది ఆత్మ నుంచి జగత్తు వెలువడిన క్రమమే తప్ప కర్మాగారపు నక్షా కాదు. పైగా ఆ యంత్రంలో వేడి ముందు రాతిని, ఆ తరువాత నీటిని చేరుతుంది కాబట్టి వరుస కూడా కుదరదు. ప్రాచీనుల మాటల్లో నేటి యంత్రాలను వెతకడం కంటే, ప్రాచీనులు వేసిన ప్రశ్నలను నేటి యంత్రాలకు వేయడం ఎక్కువ ఫలితమిస్తుంది.

తేజస్సు రాతిలోకి చొరబడే ద్రవ్యమన్న న్యాయమతానికి యూరప్‌లోనూ జోడీ ఉంది. పద్దెనిమిదో శతాబ్దం చివర లావోయిజేతో పాటు చాలామంది శాస్త్రజ్ఞులు వేడిని బరువులేని ఒక ద్రవంగా భావించి దానికి కెలోరిక్ అని పేరు పెట్టారు. మ్యూనిక్ ఆయుధాగారంలో ఫిరంగి గొట్టాలకు బెజ్జం తొలిచే పనిని చూసిన రమ్‌ఫర్డ్, రాపిడి సాగినంతసేపూ వేడి అంతులేకుండా వస్తూనే ఉండడాన్ని గమనించి, ఒక వస్తువులో దాగిన ద్రవ్యం ఎంత తోడినా తరగకుండా ఉండదు గనుక వేడి ద్రవ్యం కాదని, అది ఒక విధమైన కదలికేనని 1798లో ప్రకటించాడు. ఆ తరువాత జేమ్స్ ప్రెస్కాట్ జౌల్, కిందికి దిగే బరువులు నీటిలోని తెడ్లను తిప్పేలా ఏర్పాటు చేసి, ఎంత పనికి ఎంత వేడి పుడుతుందో కొలిచాడు. గాలి శక్తిని వేడిగా మార్చే ప్రతి యంత్రానికీ తాత్త్వికమైన పునాది జౌల్ తెడ్లలోనే ఉంది: రాతిలో చేరినది ద్రవ్యం కాదు, రాతి అణువుల కంపనం, అంటే ఒకే దిక్కుగా సాగిన గాలి కదలిక, దిక్కు కోల్పోయి, లెక్కలేనన్ని సూక్ష్మమైన కదలికలుగా చెదిరిపోయింది. ద్రవ్యం, గుణం, కర్మ అని పదార్థాలను విడదీసిన వైశేషికుల పట్టికలో వేడి స్థానం ఈ ప్రయోగాలతో మారిపోవలసి వచ్చింది. తేజస్సు గుణమైన ఉష్ణస్పర్శ కాస్తా కర్మ అయింది.

ఈ కొలతల వెనుక ఉన్న శక్తి నిత్యత్వ సూత్రం, అంటే శక్తి పుట్టదు నశించదు అన్న నియమం, ప్రయోగాల నుంచి మాత్రమే వచ్చిందనుకోవడం పొరపాటు. జౌల్ తన భావాలను 1847లో మాంచెస్టర్‌లోని సెయింట్ ఆన్స్ చర్చి పఠన మందిరంలో వివరించినప్పుడు, దేవుడు పదార్థానికి ఇచ్చిన శక్తులను మనిషి చేతలు నాశనం చేయగలవనుకోవడమే అసంబద్ధమన్నది ఆయన వాదానికి ఒక స్తంభం. ఓడలో వైద్యుడిగా జావా దీవికి వెళ్ళి వచ్చిన రాబర్ట్ మేయర్ 1842లో అచ్చువేసిన వ్యాసం కారణం కార్యానికి సమానమన్న పాత తర్కసూత్రంతోనే మొదలవుతుంది. ఈ మాట వినగానే సాంఖ్యుల సత్కార్యవాదం, అంటే కార్యం పుట్టకముందే కారణంలో ఉంటుందనే వాదం గుర్తుకు రాక మానదు. బ్రజేంద్రనాథ్ సీల్ 1915లో ప్రాచీన హిందువుల భౌతిక శాస్త్రాలపై వెలువరించిన గ్రంథంలో ఈ పోలికను విస్తారంగా చర్చించాడు. నువ్వుల్లో నూనె ముందే ఉంది గనుక గానుగ దానిని వెలికి తెస్తుందే తప్ప కొత్తగా పుట్టించదని సాంఖ్యులంటారు. ఆ లెక్కన టర్బైన్ నుంచి వచ్చే విద్యుత్తు రాతిలో, రాతి వేడి గాలిలో, గాలి సూర్యుడి ఎండలో అవ్యక్తంగా ముందే ఉన్నాయి. మారినది అభివ్యక్తి మాత్రమే. వాదం అందంగానే ఉంది గాని, 1,30,000 యూనిట్లు వేడిగా దాచిన యంత్రం 1,30,000 యూనిట్ల విద్యుత్తును ఎందుకు తిరిగి ఇవ్వదో అది చెప్పలేదు.

ఇచ్చేది అందులో సగంకంటే తక్కువ. వేడిని పనిగా మార్చే ఏ యంత్రానికైనా ఒక పైహద్దు ఉందని, అది యంత్రం నేర్పు మీద కాక వేడిచోటు, చల్లచోటు ఉష్ణోగ్రతల మీదే ఆధారపడి ఉంటుందని ఫ్రెంచి ఇంజనీరు సాదీ కార్నో 1824లో చూపించాడు. పరిసరాలు 27 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు 600 డిగ్రీల రాతి వేడి నుంచి సిద్ధాంతరీత్యా సుమారు 65 శాతం విద్యుత్తు తీయవచ్చు. టర్బైన్ల నిజజీవితంలో అది 40 శాతం చుట్టుపక్కలకు దిగజారుతుంది. అంతే పరిమాణం గల వేడిని 60 డిగ్రీల గోరువెచ్చని నీటిలో దాచి ఉంటే సిద్ధాంతం కూడా 10 శాతానికి మించి ఒప్పుకోదు. శక్తి పరిమాణం రెండు చోట్లా ఒకటే. పనికి వచ్చే యోగ్యత ఒకటి కాదు. ఇక రాళ్ళనూ నీటినీ పరిసరాలనూ కలిపి ఒకే ఉష్ణోగ్రతకు రానిచ్చినట్లయితే, ఒక్క జౌలు కూడా నశించకపోయినా, ఒక్క దీపం కూడా వెలగదు. హాంబర్గ్ కేంద్రం లాంటివి విద్యుత్తును వేడిగా మార్చి మళ్ళీ విద్యుత్తుగా అమ్మే వ్యాపారంలో నిలదొక్కుకోలేకపోవడానికి పెద్ద కారణం ఇదే. ఈ స్థితిని సత్కార్యవాదం తేలికగా దాటవేస్తుంది కాబట్టి, వేరే వాదం వైపు చూడాలి.

శక్తి అనేది వేరే పదార్థమా కాదా అన్న విషయంలో మీమాంసకులకూ నైయాయికులకూ నడిచిన వివాదం ఇక్కడ అద్భుతంగా పనికి వస్తుంది. మీమాంసకుల వాదం ఒక నిప్పు, ఒక మణి చుట్టూ తిరుగుతుంది: ఒకానొక మణిని దగ్గర ఉంచితే నిప్పు కాల్చదు, తీసేస్తే కాలుస్తుంది, నిప్పు రూపంలో, వేడిలో ఏ మార్పూ కనబడలేదు గనుక, కంటికి కనబడే నిప్పుకంటే వేరుగా అందులో దాహకశక్తి అనే అతీంద్రియ పదార్థం ఉన్నదని, మణి ఆ శక్తినే అడ్డుకున్నదని ఒప్పుకోక తప్పదు. ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో దీనిని ఖండించాడు. ఆయన వైపు జవాబు సాధారణంగా కనిపించినా లోతైనది: ఏ కార్యానికైనా ఒక్క కారణం చాలదు, కారణ సామగ్రి, అంటే కావలసిన కారణాలన్నీ ఒకచోట కూడడం అవసరం, ఆ సామగ్రిలో ప్రతిబంధకం లేకపోవడం కూడా ఒక భాగం, మణి ఉన్నప్పుడు సామగ్రి లోపించింది కాబట్టి కాల్చలేదు తప్ప, నిప్పులో రహస్యంగా ఏదో ఉండి అణగిపోయినందువల్ల కాదు.

మణి మాటను నేటి పాఠకుడు నమ్మనక్కరలేదు. కాగిన రాయి ఆ పనిని మరింత బాగా చేస్తుంది. ఒకే రాయి, ఒకే వేడి. చుట్టూ చల్లని నీరు ఉంటే టర్బైన్ తిరుగుతుంది, చుట్టూ అంతే వేడి ఉంటే తిరగదు. రాతిలో ఉన్నది మారలేదు, రాతికి బయట ఉన్నది మారింది. అంటే దాచి ఉంచామనుకున్న సామర్థ్యం రాతిలో కూర్చుని లేదు. రాతికీ లోకానికీ మధ్య ఉన్న తేడాలో ఉంది. శక్తి పుట్టదు, నశించదు అనే మొదటి నియమం మీమాంసకుల శక్తి పదార్థానికి దగ్గరగా నడిస్తే, పని జరగాలంటే వేడి పక్కన చలువ ఉండి తీరాలనే రెండో నియమం నైయాయికుల సామగ్రివాదానికి దగ్గరగా నడుస్తుంది. నిల్వ యంత్రం కట్టేవాడికి రెండూ కావలసినవే అయినా, వాడి డబ్బు మునిగేది మాత్రం రెండోది మరచినప్పుడే. ఇంకో విధంగా చెప్పాలంటే, గాలిని రాతిలో నిలపడమంటే ఒక వస్తువును పెట్టెలో పెట్టడం కాదు, లోకం సహజంగా చెరిపివేయాలని చూసే ఒక భేదాన్ని గోడలు కట్టి కాపాడడం. ఉష్ణనిరోధక గోడలకు అయ్యే ఖర్చు అంతా ఆ చెరిపివేతను ఆలస్యం చేయడానికి చెల్లించే వెల; దానిని పూర్తిగా ఆపే గోడ లేదు.

కాలవ్యవధి ప్రశ్న ఇంకా మిగిలి ఉంది. గాలి అర్ధరాత్రి వీచింది, ఆగిపోయింది. విద్యుత్తు అవసరం మర్నాటి సాయంత్రం పుట్టింది. నశించిన క్రియకూ తరువాత ఎప్పుడో పుట్టే ఫలానికీ మధ్య వంతెన ఏమిటన్న ప్రశ్నను పూర్వమీమాంస తన కేంద్ర సమస్యగా స్వీకరించింది, ఎందుకంటే యాగం కొన్ని గంటల్లో ముగుస్తుంది, స్వర్గం మరణానంతరం గాని రాదు. దానికి వారు ఇచ్చిన సమాధానం అపూర్వం: క్రియ నశిస్తూ యజమానుడిలో విడిచిపెట్టే, అంతకుముందు లేని ఒక యోగ్యత. కుమారిలభట్టు సంప్రదాయం దీనిని ఇంకా విడమరచి, దర్శపూర్ణమాస యాగాలలో పౌర్ణమినాటి యాగాల వల్ల ఒక సముదాయాపూర్వం, అమావాస్యనాటి యాగాల వల్ల మరొకటి పుట్టి, రెండూ కలిసి ఫలాన్నిచ్చే పరమాపూర్వం అవుతుందని చెప్పింది. రెండు రాత్రుల గాలిని విడివిడిగా పట్టి ఒకే సాయంత్రం వాడుకునే రాళ్ళ గుట్టకు ఇంత చక్కని వర్ణన ఆధునిక గ్రంథాలలో కూడా దొరకడం కష్టం.

అయినా పోలిక ఒకచోట తెగిపోతుంది. అపూర్వం ఫలమిచ్చేదాకా తరగదు. రాతి వేడి నిమిష నిమిషానికీ తరుగుతుంది. అందువల్ల రాతిలోని నిల్వకు సరైన దార్శనిక బంధువు అపూర్వం కాక, వైశేషికులు చెప్పిన సంస్కారమే. సంస్కారం అనే గుణాన్ని వారు మూడుగా విభజించారు: కదిలే వస్తువును కదులుతూనే ఉంచే వేగం, అనుభవం ఆత్మలో విడిచే భావన, వంచి వదిలిన కొమ్మను పూర్వస్థితికి తెచ్చే స్థితిస్థాపకం. వింటిని విడిచిన బాణంలో మొదటి కదలిక నుంచి వేగం పుట్టి, పడిపోయేదాకా అదే బాణాన్ని నడుపుతూ, ఎదురయ్యే స్పర్శ గల వస్తువుల తాకిడికి నశిస్తుందని ప్రశస్తపాదుడి మతం. జ్ఞాపకాన్నీ, బాణం వేగాన్నీ, కొమ్మ సాగుదలనూ ఒకే గుణం కింద చేర్చిన ఆ వర్గీకరణను పరాకుగా చేసిన పనిగా కొట్టివేయలేం. గడిచిపోయిన క్రియ ఇప్పటి వస్తువులో మిగిలి ఉండి, తగిన సమయంలో తిరిగి క్రియగా మారడం అన్నది మూడింటికీ సమానమని వారు గుర్తించారు. కాగిన రాయి ఆ జాబితాలో నాలుగోది కాదగినది.

తరిగిపోవడం వల్ల ఇంకో ప్రశ్నకు జవాబు కూడా కొంత మారుతుంది. దాచడం మంచిదా అని మతాలన్నీ అడిగాయి. యోగ, జైన శాస్త్రాలు అపరిగ్రహాన్ని, అంటే అవసరానికి మించి కూడబెట్టకపోవడాన్ని వ్రతంగా చెప్పాయి. తత్త్వార్థసూత్రం పరిగ్రహాన్ని వస్తువుల రాశిగా కాక వాటిపై మమకారంగా నిర్వచించగా, గృహస్థులకు మాత్రం జైనం ఇంతకు మించి ఉంచుకోబోనన్న పరిమితి వ్రతాన్ని విధించింది. పాతరలో పోసిన ధాన్యం పాడవకుండా ఉన్నంతకాలం కరువు కోసం కాచుకుని కూర్చోవచ్చు, ధర పెరిగేదాకా ఆగవచ్చు. రాతిలో పోసిన వేడితో అలా బేరం ఆడడానికి వీలులేదు, వారం పది రోజుల్లో వాడుకోవాలి, లేదా పోగొట్టుకోవాలి. అయితే ఆ వేడిని పోగొట్టుకునే తొందర గుట్ట పెరిగేకొద్దీ తగ్గుతుందన్నది గమనించదగ్గ విషయం: పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ రెట్టింపైతే వేడి పోయే పై ఉపరితలం నాలుగు రెట్లే అవుతుంది, వేడి పట్టే లోపలి పరిమాణం ఎనిమిది రెట్లవుతుంది, కాబట్టి నష్టపోయే పాలు సగానికి దిగుతుంది. చిన్న నిల్వలకు ప్రకృతే గడువు పెట్టింది. పెద్ద నిల్వలకు ఆ గడువు సడలుతుంది, అప్పుడు ఎవరిదీ కాని గాలి ఒకరి గోడల మధ్య ఎవరిదైపోతుందన్నది మమకారం గురించిన ప్రశ్నగా నిజంగా తలెత్తుతుంది.

వేడిని వేడిగానే వాడుకుంటే కార్నో విధించిన సుంకం చెల్లించనక్కరలేదు గనుక, హాంబర్గ్ తరువాత ఈ రంగం ఆ వైపు మళ్ళడం ఆశ్చర్యం కాదు. ఫిన్లాండ్‌లోని కంకాన్‌పాలో 2022లో మొదలైన ఇసుక నిల్వ సుమారు 100 టన్నుల ఇసుకను 500 డిగ్రీలకు పైగా కాచి, ఆ వేడిని టర్బైన్‌కు కాక ఊరి ఇళ్ళను వెచ్చబరిచే నీటి గొట్టాలకు ఇస్తుంది. ఇందులో ఒక ఔచిత్యం ఉంది: ఇల్లు వెచ్చబడడానికి చాలే గోరువెచ్చదనం కోసం ఉత్తమమైన శక్తిని ఖర్చు చేయడం వృథా అని, ఏ కార్యానికి ఏ సామగ్రి తగినదో అదే వాడాలని ఒప్పుకోవడం. తెలుగునాట దీనికి తగిన చోటు వెతికితే ప్రకాశం, నెల్లూరు, గోదావరి జిల్లాల పొగాకు బ్యారన్లు కనిపిస్తాయి. వర్జీనియా ఆకును వాటిలో దాదాపు 35 డిగ్రీల దగ్గర పండబార్చి, మెల్లగా వేడి పెంచుతూ, చివరకు 70 డిగ్రీల దగ్గర ఈనెలు ఎండేదాకా ఉంచుతారు. ఆ కొద్దిపాటి వేడి కోసం వందల డిగ్రీల మంటతో కట్టెలు కాలతాయి. 70 డిగ్రీలు ఇవ్వడం కాగిన రాళ్ళకు అతి తేలిక.

అడ్డు వచ్చేది రుతువు. అనంతపురం, కర్నూలు ప్రాంతాల గాలిమరలు బాగా తిరిగేది నైరుతి రుతుపవన కాలంలో, జూన్ నుంచి సెప్టెంబరు దాకా. ఆకు బ్యారన్‌కు ఎక్కేది చలికాలం నుంచి ఎండాకాలం మొదలు దాకా. అంత వ్యవధిని ఒక రైతు పెరటిలోని రాళ్ళ తొట్టె దాటలేదు. డెన్మార్క్‌లోని వోయెన్స్‌లో వేసవి సూర్యుడి వేడిని చలికాలానికి దాచడానికి తవ్విన నీటిగుంట పరిమాణం 2,00,000 ఘనమీటర్లు. ఆరు నెలల వ్యవధిని తట్టుకోవాలంటే నిల్వ ఇంచుమించు ఆ స్థాయిలో ఉండాలి, అది ఏ ఒక్క కుటుంబానికీ సొంతం కాజాలదు. డెన్మార్క్‌లో ఇళ్ళకు వేడిని సరఫరా చేసే సంస్థలు చాలావరకు వాడకందారుల సహకార సంఘాలవో మునిసిపాలిటీలవో అయి ఉండడమూ, వేడి అమ్మకంపై లాభం తీయరాదని అక్కడి చట్టం నిర్దేశించడమూ ఆ గుంట కంటే ముందే అమల్లో ఉన్నాయి. ప్రకాశం జిల్లాలో బ్యారన్ రైతు పేరు మీద నమోదవుతుంది, కట్టెలు రైతే కొనుక్కుంటాడు. గుంట తవ్వడానికి ముందు అక్కడ తేలవలసింది దాని లోతు కాదు, అందులోని వేడి ఎవరి పేరు మీద ఉండాలన్నది.